ఒక్క విశేషణంతో కాలిన్స్ కోబిల్డ్ నిఘంటువుకు పరీక్ష

ఒక ఇంగ్లీషు నిఘంటువు మనకు ఎంతవరకు పనికివస్తుందో తేల్చుకోవడానికి అందులో ఎన్ని లక్షల పదాలున్నాయో లెక్కచూడటం కంటే, అర్థం తెలిసినట్టే ఉండి సొంత వాక్యంలో పెట్టబోయేసరికి అతకని ఒక్క విశేషణాన్ని తీసుకుని, దాని గురించి ఆ నిఘంటువు ఏం చెప్పింది, ఏం వదిలేసింది అని చూడటం మేలు. ఈ సమీక్షకు నేను ఎంచుకున్న మాట ‘నేసెంట్’ (nascent). అప్పుడే మొదలై ఇంకా ఎదగవలసి ఉన్న దశను సూచించే ఈ విశేషణం ఇంగ్లీషు దినపత్రికల సంపాదకీయాల్లోనూ, అంకుర సంస్థల ప్రకటనల్లోనూ, జీవశాస్త్ర వ్యాసాల్లోనూ, సివిల్స్‌కూ గ్రూప్‌-1కూ సిద్ధమయ్యేవారి నోటు పుస్తకాల్లోనూ తరచుగా కనిపిస్తుంది. సమీక్షకు తీసుకున్న నిఘంటువు కాలిన్స్ కోబిల్డ్. ఇది పుస్తకంగానూ దొరుకుతుంది, కాలిన్స్ వారి వెబ్‌సైటులో రుసుము లేకుండానూ చూసుకోవచ్చు. నేను ప్రధానంగా పరిశీలించింది వెబ్‌సైటు రూపాన్నే.

కోబిల్డ్ చరిత్ర కొంత తెలిస్తేగాని దాని పద్ధతి ఎందుకు ప్రత్యేకమో అర్థం కాదు. 1819లో గ్లాస్గోలో మొదలైన కాలిన్స్ ప్రచురణ సంస్థా, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమూ కలిసి 1980లలో చేపట్టిన పరిశోధన పథకం పేరే కోబిల్డ్. దానికి నాయకత్వం వహించినవారు భాషాశాస్త్రవేత్త జాన్ సింక్లెయిర్. అంతకుముందు నిఘంటుకర్తలు ప్రధానంగా తమ భాషాజ్ఞానం మీదా, పాఠకులు ఏరి పంపిన ఉదాహరణల మీదా ఆధారపడేవారు. సింక్లెయిర్ బృందం పుస్తకాల నుంచి, పత్రికల నుంచి, సంభాషణల నుంచి సేకరించిన లక్షలాది వాక్యాలను కంప్యూటరులోకి ఎక్కించి, ఒక్కో పదం ఏ పదాల పక్కన, ఏ సందర్భంలో వస్తున్నదో చూసి, ఆ సాక్ష్యం మీద అర్థాలు రాసింది. ఆ పనికి ఫలితంగా మొదటి నిఘంటువు 1987లో వెలువడింది. అందులో అందరినీ ఆకర్షించిన కొత్తదనం, పదానికి ఎదురుగా సమానార్థకాన్నో చిన్న పదబంధాన్నో పెట్టకుండా, ఆ పదాన్నే ఉపయోగించి పూర్తి వాక్యంలో అర్థం చెప్పడం.

నేసెంట్ అనే పదానికి కోబిల్డ్ ఇచ్చే వివరణను తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: నేసెంట్ విషయాలు లేదా నేసెంట్ ప్రక్రియలు అప్పుడే మొదలవుతున్నవి, మున్ముందు అవి బలపడతాయనో పెద్దవవుతాయనో అంచనా ఉన్నవి. దానికి తోడుగా ఇది లాంఛనమైన భాషకు చెందిన మాట అన్న గుర్తు, నామవాచకానికి ముందు వస్తుందన్న వ్యాకరణ సూచన, రెండు ఉదాహరణలు కనిపిస్తాయి. చూడటానికి ఇది రెండు పంక్తుల వ్యవహారమే. అయితే ఆ రెండు పంక్తుల్లో ఇతర నిఘంటువులు సాధారణంగా వదిలేసే రెండు సంగతులు ఇమిడి ఉన్నాయి. ఈ విశేషణం ఎలాంటి నామవాచకాలతో చెలిమి చేస్తుందన్నది మొదటిది. ‘విషయాలు లేదా ప్రక్రియలు’ అనడంలోనే మనుషులకూ చేతికందే వస్తువులకూ దీన్ని మామూలుగా వాడరన్న సూచన ఉంది. ఇది కేవలం కొత్తదనాన్ని కాక ఎదుగుదల మీద నమ్మకాన్ని కూడా మోస్తుందన్నది రెండోది.

ఈ రెండు సంగతులూ తెలియకపోతే జరిగే పొరపాట్లు మన విద్యార్థుల రాతల్లో కనబడుతూనే ఉంటాయి. అమెరికాలో అత్యంత ప్రసిద్ధమైన మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు ఈ పదానికి ‘ఉనికిలోకి వస్తున్న, లేదా ఇటీవలే ఉనికిలోకి వచ్చిన’ అనే అర్థం ఇస్తుంది. అందులో తప్పేమీ లేదు, కానీ దాన్ని మాత్రమే పట్టుకుని బయలుదేరినవారు నిన్న షోరూమ్ నుంచి తెచ్చిన మోటారు సైకిలును కూడా నేసెంట్ అనగలరు, ఎందుకంటే అది కూడా ఇటీవలే ఉనికిలోకి వచ్చినదే కదా. కోబిల్డ్ వాక్యం చదివినవారికి ఆ ఆలోచన రాదు. మోటారు సైకిలు ఎదగదు, బలపడదు. కాబట్టి అది ఎంత కొత్తదైనా నేసెంట్ కాదు. అదే, విద్యుత్ వాహనాల పరిశ్రమను నేసెంట్ అంటే అతికినట్టు ఉంటుంది. కేంబ్రిడ్జ్ వారి అభ్యాసకుల నిఘంటువు కూడా త్వరగా పెరిగే అవకాశం ఉందన్న సంగతిని అర్థంలోనే చేర్చింది గనుక ఈ విషయంలో దానికీ మార్కులు వేయాలి. ఆక్స్‌ఫర్డ్ అభ్యాసకుల నిఘంటువు మాత్రం ‘ఉనికిలోకి రావడం మొదలైన, ఇంకా పూర్తిగా అభివృద్ధి చెందని’ అన్న ధోరణిలో లోటు వైపు నుంచి చెబుతుంది. గ్లాసు సగం నిండిందా, సగం ఖాళీగా ఉందా అన్న తేడాయే ఇది అనిపించవచ్చు గాని, ఒక చిన్న పరిశ్రమ గురించి రాస్తూ దాన్ని మెచ్చుకుంటున్నామో తక్కువ చేస్తున్నామో తేల్చేది ఆ తేడాయే.

పదం పుట్టుక గురించి కోబిల్డ్ ఏమీ చెప్పదు. అది అభ్యాసకుల నిఘంటువు గనుక వ్యుత్పత్తి దాని లక్ష్యం కాదు. కానీ అదే వెబ్ పుటలో కిందికి వెళితే కాలిన్స్ వారి పెద్ద నిఘంటువు పాఠం వస్తుంది, అందులో ఈ పదం పదిహేడో శతాబ్దంలో లాటిన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చిందనీ, ‘పుట్టు’ అనే అర్థమున్న లాటిన్ క్రియ దీనికి మూలమనీ ఉంటుంది. నేటివ్, నేచర్, నేషన్, రినైజాన్స్ వంటివన్నీ ఆ క్రియ కుటుంబంలోనివే. సంస్కృతంలోని ‘జన్’ ధాతువు కూడా మూలంలో దీనికి చుట్టమే అని తెలిసినప్పుడు తెలుగు పాఠకుడికి మరో ముచ్చట తోస్తుంది. జన్మ, జాతకం, జాతి ఆ ధాతువు నుంచే వచ్చాయి గనుక, ఇంగ్లీషువారి నేషనల్‌కు మనం జాతీయ అన్నప్పుడు ఎరిగో ఎరగకో పుట్టుకకు పుట్టుకనే జత చేశాం. విచిత్రమేమిటంటే, ఇంతగా పురిటి వాసన ఉన్న ఈ విశేషణాన్ని ఇంగ్లీషువారు పసిబిడ్డకు వాడరు. బిడ్డకు ‘న్యూబార్న్’ అనే వేరే మాట ఉంది. కోబిల్డ్ వివరణలో మనుషుల ప్రస్తావన లేకపోవడానికి కారణం అదే. మనుషులతో ఈ మాట కలిసే సందర్భం నాకు తెలిసినంతలో వ్యాపార వ్యవస్థాపకుల గురించిన అధ్యయనాల్లో బాగా స్థిరపడింది. గ్లోబల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ మానిటర్ అనే అంతర్జాతీయ సర్వే, సొంత వ్యాపారం నెలకొల్పే పనిలో చురుగ్గా ఉండి, ఇంకా ఎవరికీ మూడు నెలలకు మించి జీతాలు చెల్లించని స్థితిలో ఉన్నవారిని నేసెంట్ ఆంత్రప్రెన్యూర్లు అంటుంది. 2015లో హైదరాబాదులో అంకుర సంస్థలకు తోడ్పడే టీ-హబ్ మొదలైనప్పటి నుంచి మన దగ్గర కూడా ఈ పరిభాష వినవలసిన వాళ్ల సంఖ్య పెరిగింది గనుక, కోబిల్డ్ ఈ ప్రయోగాన్ని ఒక ఉదాహరణగానైనా చేర్చి ఉండవలసింది.

ఉచ్చారణ విషయానికి వస్తే, వెబ్‌సైటులో స్పీకరు గుర్తు నొక్కి వినే సౌకర్యం ఉంది. మొదటి అక్షరంలోని అచ్చును రెండు విధాలుగా పలకవచ్చు: ‘నేషన్’లో వలె ఒకటి, ‘మ్యాన్’లో వలె మరొకటి. రెండూ సరైనవే. రెండోదానికి తెలుగు లిపిలో ప్రత్యేకమైన గుర్తు లేకపోయినా, ‘వచ్చాడు’ అన్న మాటను మనం మామూలుగా పలికేటప్పుడు చ మీద వినిపించే ధ్వని దానికి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి మన నోటికి అది కష్టమేమీ కాదు. ఈ వ్యాసంలో నేను ‘నేసెంట్’ అని రాస్తున్నది రాతలో సౌలభ్యం కోసమే. లిపిలో కనిపించే ‘ఎస్‌సీ’ జంటను చూసి ‘నాస్కెంట్’ అని పలకడం మాత్రం తప్పు.

ఇప్పుడు కోబిల్డ్ ఇచ్చే రెండు ఉదాహరణలను కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే నా మెప్పూ, నా అభ్యంతరమూ అక్కడే ఉన్నాయి. మొదటిది ‘కెన్యా దేశపు నేసెంట్ ప్రజాస్వామ్యం’ అన్న అర్థమిచ్చే పదబంధం. రెండోది ‘ఇంకా నేసెంట్‌గానే ఉన్న మనస్తత్వ శాస్త్రం’ అన్నది. రెండూ కల్పించి రాసినవి కావనీ, ఎక్కడో ఎవరో నిజంగా రాసిన వాక్యాల నుంచి తుంచుకున్నవనీ చదవగానే తెలుస్తుంది, కోబిల్డ్ పద్ధతికి పేరు వచ్చింది కూడా అందువల్లే. ప్రజాస్వామ్యం, పరిశ్రమ, ఉద్యమం, మార్కెట్, సాంకేతికత వంటి నామవాచకాలతో ఈ విశేషణానికి ఉన్న స్నేహాన్ని మొదటి ఉదాహరణ చక్కగా చూపుతుంది. ‘ఇంకా’ అన్న క్రియావిశేషణం దీని ముందు తరచూ వచ్చి చేరుతుందన్న సంగతిని రెండోది చెప్పకనే చెబుతుంది.

అభ్యంతరం ఏమిటంటే, ఈ తునకలకు తేదీ లేదు. కెన్యాలో ఏకపార్టీ పాలనకు వీలు కల్పించిన రాజ్యాంగ నిబంధనను 1991 డిసెంబరులో రద్దు చేశారు, మరుసటి ఏడాది డిసెంబరులో బహుళపార్టీ ఎన్నికలు జరిగాయి. ఆ కాలంలో రాసిన వాక్యమైతే నేసెంట్ అన్నది న్యాయమే. 2010లో కొత్త రాజ్యాంగం కూడా తెచ్చుకున్న దేశం గురించి ఈనాడు అదే మాట అంటే, అది వర్ణన కాదు, కొంచెం పెద్దరికం ఒలకబోయడం. మనస్తత్వ శాస్త్రం సంగతి మరీ స్పష్టం. జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ 1879లో ప్రయోగశాల నెలకొల్పినప్పుడు దాన్ని కొత్తగా తలెత్తుతున్న శాస్త్రం అనవచ్చు. నేటి అభ్యాసకుడు సందర్భం లేకుండా ఆ తునకను చదివితే, శతాబ్దం పైబడిన శాస్త్రం కూడా నేసెంట్ అనిపించుకుంటుందేమో అన్న భ్రమలో పడవచ్చు. ఎదుగుదల దశను చెప్పే విశేషణానికి కాలమే ప్రాణం. అలాంటి పదానికి కాలం లేని ఉదాహరణ ఇవ్వడం ఈ నిఘంటువులో నాకు కనిపించిన ప్రధాన లోపం. ఒక్క పూర్తి వాక్యం, అందులో ఒక సంవత్సరం లేదా ఒక సంఘటన ఉండి ఉంటే సరిపోయేది. తెలుగువారికి సులువుగా అందే సందర్భం చెప్పాలంటే, 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన కొత్తలో ఇంగ్లీషు పత్రికలు దాన్ని నేసెంట్ రాష్ట్రం అని తరచుగా రాసేవి. నేడు అలా రాస్తే ఎవరికైనా వింతగా తోస్తుంది. పదం తప్పుకాలేదు, కాలం మారింది.

పుటలో ఇంకా కిందికి వెళితే పత్రికల నుంచి యంత్రం తనంతట తాను ఏరిన వాక్యాలు వస్తాయి, వాటి పక్కన పత్రిక పేరూ సంవత్సరమూ ఉంటాయి. పైన చెప్పిన లోపాన్ని ఇవి కొంత పూరిస్తాయి గాని, ఏరినది మనిషి కాదు కాబట్టి కొన్ని సగంలో తెగిపోయినట్టు ఉంటాయి, ఎక్కువ భాగం బ్రిటిష్ రాజకీయాలూ క్రీడలూ తెలిసినవారికే రుచిస్తాయి. వీటి చుట్టూ ప్రకటనలు ముసురుకుని ఉండటం వల్ల చిన్న ఫోనులో చదివేవారికి అర్థం ఎక్కడ ముగిసి ప్రకటన ఎక్కడ మొదలైందో తెలియడమే ఒక పని. పుస్తకం కొనుక్కున్నవారికి ఈ బెడద లేదు.

వ్యాకరణ సూచన గురించి కూడా ఒక మాట. ఈ విశేషణం నామవాచకానికి ముందే వస్తుందని కోబిల్డ్ చెప్పడం అభ్యాసకుడికి భద్రమైన సలహాయే. అయినా ‘ఈ పరిశ్రమ ఇంకా నేసెంట్‌గా ఉంది’ అనే ధోరణిలో, క్రియ తరువాత దీన్ని పెట్టే వాక్యాలు ఆర్థిక పత్రికల్లో కావలసినన్ని కనిపిస్తాయి కాబట్టి, ఆ సూచనను నియమంగా కాక మొగ్గుగా చెప్పి ఉంటే బాగుండేది. మరోవైపు, మన దేశపు ఇంగ్లీషు పత్రికలకు మహా ఇష్టమైన ‘నేసెంట్ స్టేజ్’ అన్న జంట గురించి ఏమీ చెప్పకపోవడం నిరాశ కలిగించింది. మొదలయ్యేది పరిశ్రమ లేదా ఉద్యమం, దశ కాదు. అందువల్ల ‘నేసెంట్ దశలో ఉన్న పరిశ్రమ’ అనడం కంటే ‘నేసెంట్ పరిశ్రమ’ అనడమే పొదుపు. అది తప్పు అని నేను అనను, అరిగిపోయింది అంటాను.

శాస్త్రభాషలో ఈ పదానికి ఉన్న జీవితాన్ని కోబిల్డ్ పూర్తిగా పక్కన పెట్టేసింది. కింద ఉన్న పెద్ద నిఘంటువు పాఠం మాత్రం రసాయనశాస్త్రపు అర్థాన్ని ఇస్తుంది: చర్య జరుగుతున్న మాధ్యమంలోనే అణురూపంలో కాక పరమాణురూపంలో పుట్టి, చురుకుదనం ఎక్కువగా ఉన్న మూలకం, ముఖ్యంగా హైడ్రోజన్. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇది ‘నవజాత హైడ్రోజన్’గా పరిచయమే. జింకూ హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ కలిసిన చోట అప్పుడే పుట్టిన హైడ్రోజన్ చేయగలిగిన క్షయకరణాన్ని సిలిండరు నుంచి పంపిన హైడ్రోజన్ చేయలేదనీ, తేమ ఉన్నప్పుడే క్లోరిన్ బట్టల రంగు పోగొట్టడానికి ‘నవజాత ఆక్సిజన్’ కారణమనీ ఆ పాఠాల్లో ఉండేది. నైట్రోబెంజీన్‌ను తగరం, ఆమ్లం కలిపి ఎనిలీన్‌గా మార్చే చర్యను కూడా అలాగే వివరించేవారు. పుట్టిన క్షణంలో ఉండే చురుకుదనమనే ఆ వివరణను నేటి రసాయనశాస్త్రం చాలావరకు విడిచిపెట్టి, లోహపు ఉపరితలం నుంచి నేరుగా జరిగే ఎలక్ట్రాన్ల బదిలీ వంటి కారణాలను చెబుతోంది. జీవశాస్త్రంలో మాత్రం ఈ విశేషణం నిక్షేపంగా బతికే ఉంది. కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్ మీద ఒక్కో అమైనో ఆమ్లం చేరుతూ, సొరంగం వంటి దారి గుండా బయటికి వస్తూ, ఇంకా పూర్తికాని ప్రోటీన్ గొలుసును నేసెంట్ గొలుసు అంటారు. మెరియం-వెబ్‌స్టర్ ఈ పదానికి ఇచ్చిన ఉదాహరణ కూడా అలాంటి పాలీపెప్టైడ్ గొలుసుల గురించే. రైబోజోమ్ నిర్మాణాన్ని వెల్లడించినందుకు 2009లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నవారిలో మన దేశంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ ఒకరు కాబట్టి, ఆ పరిశోధనల గురించి చదివేవారికి ఈ ప్రయోగం తప్పక ఎదురవుతుంది. శాస్త్ర విద్యార్థి కోబిల్డ్ దగ్గరే ఆగిపోతే ఈ రెండు అర్థాలూ అందవు.

ఏ నిఘంటువుకైనా అసలైన గట్టి పరీక్ష ఇరుగుపొరుగు పదాల దగ్గర వస్తుంది. ఇన్సిపియెంట్, ఇన్‌కోయేట్, ఎంబ్రియానిక్, ఫ్లెడ్జ్‌లింగ్ అనేవి నాలుగూ తొలిదశను చెప్పేవే. ఫ్లెడ్జ్‌లింగ్ విషయంలో కోబిల్డ్ నెగ్గింది. కొత్తగా వచ్చిన, అనుభవం లేని మనిషినో సంస్థనో వ్యవస్థనో చెప్పడానికి దాన్ని వాడతామని చెప్పి, నేసెంట్‌లో లేని ‘మనిషి’ని ఇక్కడ చేర్చింది. రెక్కలు వచ్చి గూడు వదలబోతున్న పక్షిపిల్ల అన్న మూలార్థం తెలిసినవారికి అది వెంటనే అర్థమవుతుంది. ఎంబ్రియానిక్‌ను బాగా తొలి దశలో ఉన్న ప్రక్రియకూ ఆలోచనకూ సంస్థకూ జీవికీ వాడతారని చెప్పడమూ సబబుగానే ఉంది.

ఇన్సిపియెంట్ దగ్గర మాత్రం అది తడబడింది. ఆరంభమవుతున్న పరిస్థితినో లక్షణాన్నో ఈ మాటతో చెబుతారని అంటుందేగాని, ఈ విశేషణం ఎక్కువగా చెడు వైపు మొగ్గుతుందన్న సంగతి ఆ వివరణలో లేదు. కంటి వైద్యులు తొలిదశ శుక్లానికీ, దంతవైద్యులు అప్పుడే మొదలైన పిప్పికీ ఇదే మాట వాడతారు. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివినవారికి బుకోల్జ్ రిలే గుర్తుండే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు నూనెలో వాయువు బుడగలు చేరడాన్ని బట్టి, లోపల ఇంకా ముదరని లోపాన్ని ముందే పసిగట్టడం దాని పని, ఆ లోపాన్నే ఇన్సిపియెంట్ ఫాల్ట్ అంటారు. దాన్ని ఎవరూ నేసెంట్ ఫాల్ట్ అనరు, ఎందుకంటే లోపం ఎదిగి పెద్దదై వృద్ధిలోకి రావాలని ఎవరూ ఎదురుచూడరు. రాబోయే మంచిని చూసేది నేసెంట్, పొంచి ఉన్న ముప్పును ఎక్కువగా చూసేది ఇన్సిపియెంట్. ఇన్సిపియెంట్ మంచి విషయాలకు అసలు రాదని కాదు, ఆర్థిక పునరుద్ధరణకు కూడా దాన్ని వాడినవారు ఉన్నారు. కానీ మొగ్గు ఎటు ఉందో చెప్పడమే గదా వేలాది వాక్యాలను పోగుచేసిన నిఘంటువు నుంచి మనం ఆశించేది.

ఇన్‌కోయేట్ సంగతి ఇంకా నిరాశ కలిగిస్తుంది. కొత్తదై, ఇంకా సరిగా అభివృద్ధి చెందనిది అన్న అర్థంలో కోబిల్డ్ దాన్ని వివరిస్తుంది. ఆ వాక్యం చదివినవారు నేసెంట్ ఉన్నచోటల్లా ఇన్‌కోయేట్ పెట్టేయగలరు. నిజానికి ఇన్‌కోయేట్‌లో ప్రధానమైనది కొత్తదనం కాదు, రూపం ఏర్పడకపోవడం, అసంపూర్ణత. న్యాయశాస్త్రంలో ప్రయత్నం, ప్రేరేపణ, కుట్ర వంటివాటిని ఇన్‌కోయేట్ నేరాలు అనేది తలపెట్టిన అసలు నేరం ఇంకా పూర్తికానందువల్ల. మన దేశపు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 20వ సెక్షను ఇన్‌కోయేట్ పత్రాల గురించే. స్టాంపు కాగితం మీద సంతకం చేసి, వివరాలు ఖాళీగా వదిలి మరొకరి చేతికిచ్చిన పత్రం ఆ సెక్షను కిందికి వస్తుంది. ఆ కాగితం పాతబడిపోయినా ఇన్‌కోయేట్‌గానే ఉంటుంది, దాన్ని నింపేదాకా. పక్కపక్కనే ఉన్న ఇలాంటి పదాల తేడాలను ఒకచోట చెప్పే చిన్న పెట్టె ఒకటి ఈ పుటలో ఉండాల్సింది. పర్యాయపదాల కోసం వేరే పుటకు వెళ్లే దారి ఉంది గాని, అక్కడ కనిపించేది జాబితా మాత్రమే.

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు ఈ పనిలో ఎక్కడ నిలుస్తాయన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. సీపీ బ్రౌన్ నిఘంటువులు 1852లో వెలువడ్డాయి. వాటి తరువాత వచ్చిన అనేక నిఘంటువులను ఒకేచోట వెతుక్కునే వీలు ‘ఆంధ్రభారతి’ నిఘంటుశోధన కల్పించింది, దానికి మనమందరం రుణపడి ఉన్నాం. కానీ పదానికి పదం ఇచ్చే పద్ధతిలో ఈ విశేషణం పూర్తిగా ఒదగదు. ‘నవజాత’ అనగానే తెలుగు పాఠకుడికి శిశువు గుర్తుకు వస్తుంది, నవజాత ప్రజాస్వామ్యం అంటే కృతకంగా వినిపిస్తుంది. ‘వర్ధమాన’ దగ్గరగా ఉన్నా, వర్ధమాన నటుడు, వర్ధమాన దేశాలు అన్న వాడుకల వల్ల అది అప్పటికే కొంత దూరం నడిచినవారికి స్థిరపడింది. ‘శైశవ దశలో ఉన్న’ అన్నది పత్రికల్లో బాగా నలిగిన ప్రయోగం, లోటు వైపు మొగ్గుతుంది. స్టార్టప్‌కు ‘అంకుర సంస్థ’ అన్న మాటను మన పత్రికలు స్థిరపరచడంతో ‘అంకుర దశలో ఉన్న’ అన్నదానికి కొత్త బలం వచ్చింది, మొలకలో ఎదుగుదల ఆశ ఎలాగూ ఉంది గనుక నా మొగ్గు దాని వైపే. సందర్భాన్ని బట్టి ‘ఇప్పుడిప్పుడే వేళ్లూనుకుంటున్న’, ‘నిలదొక్కుకుంటున్న’, ‘తలెత్తుతున్న’ అన్న క్రియాజన్య విశేషణాలే మన వాక్యంలో హాయిగా ఇముడుతాయి. కెన్యా ఉదాహరణను నేనైతే ‘ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్న కెన్యా ప్రజాస్వామ్యం’ అని రాస్తాను. ఇలా రాయాలన్న స్పృహ కలగడానికి కోబిల్డ్ వాక్యమే ఎక్కువ తోడ్పడింది, సమానార్థకాల జాబితా కాదు. కొత్త పథకాలకు ఎదురయ్యే ఇబ్బందులను మన విలేకరులు ‘బాలారిష్టాలు’ అంటారే, ఆ మాటలో ఉన్న గడుసుదనం ఏ ద్విభాషా నిఘంటువులోనూ ఈ పదం కింద దొరకకపోవచ్చు, నేసెంట్ పరిశ్రమ గురించి తెలుగులో రాసేటప్పుడు అక్కరకు వచ్చేది మాత్రం అలాంటి మాటలే.

ఈ నిఘంటువు ఎవరికి ఉపయోగమన్నది వారి అవసరాన్ని బట్టి ఉంటుంది. అమెరికా చదువుల కోసం జీఆర్‌ఈ రాసే మన పిల్లలు ఒకప్పుడు వేల పదాల జాబితాలను వ్యతిరేకార్థాలతో సహా బట్టీ పట్టేవారు, నేసెంట్‌కు ఎదురుగా ‘మోరిబండ్’ అనీ, పుడుతున్నదానికి చావబోతున్నది వ్యతిరేకమనీ గుర్తుపెట్టుకునేవారు. 2011 ఆగస్టులో ఆ పరీక్ష స్వరూపం మారి వ్యతిరేకపదాల ప్రశ్నలు తొలగిపోయాయి, ఇప్పుడు వాక్యంలో ఖాళీకి తగిన పదాన్ని ఎంచుకోవాలి. ఖాళీ చుట్టూ ఉన్న మాటలు ఎదుగుదలను సూచిస్తున్నాయా, ముప్పునా, అసంపూర్ణతనా అని చూసుకోవలసిన ఆ పనికి కోబిల్డ్ పద్ధతి జాబితాల కంటే ఎన్నో రెట్లు మెరుగు. సంపాదకీయాలు చదివి సారాంశం రాసుకునేవారికీ, ఇంగ్లీషు వార్తలను తెలుగు చేసే ఉప సంపాదకులకూ దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. న్యాయ విద్యార్థులకూ శాస్త్ర విద్యార్థులకూ ఇది చాలదు, వారు అదే పుటలో కిందనున్న పెద్ద నిఘంటువు పాఠాన్ని కూడా చదవాలి, ఇన్‌కోయేట్ వంటి పదాలకు తమ శాస్త్రపు పరిభాష కోశాలనే నమ్ముకోవాలి. బడి పిల్లలకు ఈ విశేషణమూ అవసరం లేదు, ఈ నిఘంటువు ఇంగ్లీషు వివరణలు కూడా కొంత బరువే.

రుసుము లేకుండా దొరుకుతున్నది కాబట్టి ధర గురించి ఫిర్యాదుకు తావు లేదు. రోజూ పది పదాలు చూసుకునేవారు మాత్రం ప్రకటనల రద్దీ నుంచి తప్పించుకోవడానికైనా పుస్తకం కొనుక్కోవడం మంచిది. అప్పుడప్పుడు చూసేవారికి వెబ్‌సైటు చాలు, కాకపోతే పుట తెరవగానే కనిపించే మొదటి పెట్టె దగ్గరే ఆగకుండా, బ్రిటిష్ ఇంగ్లీషు అన్న శీర్షిక వచ్చేదాకా కిందికి జరపాలి.